సంతానం: ఇద్దరు

కురుపాం మండలం,
ఆదివారం.

చిరంజీవి చిట్టికి,

మీ అత్త సత్యకుమారి దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ మనుషులం, మేకలం అందరం బాగానే ఉన్నాం. నా మోకాళ్లు మాత్రం కొండ ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఇంకో మాట అంటున్నాయి. నువ్వు విశాఖ హాస్టల్లో వేళకు తింటున్నావని, వార్డు డ్యూటీలు మొదలయ్యాయని మీ అమ్మ చెప్పింది. నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. చేతిలో ఫోన్ ఉండగా కాగితం మీద రాశావంటే తేలిక మాట కాదని అర్థమైంది. అందుకే నేనూ కాగితమే తీశాను. నా రాత సంగతి తెలుసుగా, కోడి కెలికినట్టుంటుంది. ఓపిక పట్టి చదువు.

ఏనుగులు ఇంకా ఉన్నాయా అని అడిగావు. ఉన్నాయి. పోయిన వారం పోలయ్య అరటితోట తొక్కేశాయి. ఫారెస్టు వాళ్లొచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు. పోలయ్య కోపమంతా నా మీద చూపించాడు. "ఏటమ్మా సర్పంచమ్మా, ఆ ఏనుగులకి నువ్వే సెప్పు, నీ మాటైనా ఇంటాయేమో" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ పనిలో నేను నేర్చుకున్న విద్య అదే, తిట్టినవాడితో పాటు నవ్వడం.

పైగూడకి నీళ్లొచ్చాయా అంటే, వచ్చాయి. ఊట దగ్గర తొట్టి కట్టి పైపు దించాం. మోటారు లేదు, కరెంటు లేదు, వాలుకి నీళ్లు వాటంతటవే దిగుతున్నాయి. మొదటి బిందె నన్ను పట్టమన్నారు గాని, ఇన్నేళ్లూ మోసిన ముసలమ్మ ఒకామె ఉంటే ఆమె చేత పట్టించాను. అలాంటి రోజున సర్పంచిగా ఉండటం బాగుంటుంది. దాచడం ఎందుకు, నాకు పదవంటే ఇష్టం. ఆఫీసుకు వెళితే "కూర్చోండమ్మా" అంటారు చూడు, అదిష్టం. మా అమ్మ తాసీల్దారు ఆఫీసు మెట్లెక్కాలంటే చెప్పులు చేత్తో పట్టుకునేది.

మూడోది చర్చి మాట. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు నువ్వెప్పుడూ ఉండవేం అత్తా, మీటింగులన్నీ ఆ రోజే ఎందుకొస్తాయి అని అడిగావు. నర్సు చదువు బాగానే వంటబట్టింది, నొప్పి ఉన్నచోటే వేలు పెట్టావు. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ముందు మనసులో ఉన్నది దేవుడి ముందు పెట్టాలి. నేను పెట్టలేనిది ఒకటుంది. అందుకని మీటింగులు పుట్టించుకుంటాను. ఈ రోజు మొదటి ఆదివారమే. మీటింగు లేదు. ఇంట్లో కూర్చుని నీకు రాస్తున్నాను.

ఇక నీ నాలుగో మాట. "బావకీ నాకూ ఇష్టమే అత్తా. మేనరికమే కదా, చిన్నప్పటి నుంచీ ఊరంతా అంటున్నదే. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. కారణం అడిగితే ఏడుస్తుంది. నువ్వొక్క మాట చెప్పు, నీ మాట కాదనదు" అని రాశావు. ఆ నాలుగు వరసలూ కాగితం మెత్తబడేదాకా చదివాను.

మీ అమ్మ మొండిది కాదు చిట్టీ. నాకిచ్చిన మాట దాటలేక ఏడుస్తోంది. ఈ పెళ్లి జరగదు. రవిబాబు నీకు బావ కాడు, అన్న. నిన్ను కన్నది నేను.

ఎలాగో చెబుతాను. అప్పటికి నాకు హేమలత, రవిబాబు ఉన్నారు. నువ్వు కడుపులో ఉండగా మా పంచాయతీ ఆడవాళ్లకి కేటాయించారని తెలిసింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని అప్పటి చట్టం. పార్టీ పెద్ద సన్యాసిరావు గారు ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, నా పొట్ట వైపు చూడకుండా "పదో తరగతి సదివిన ఆడమనిషివి ఊర్లో నువ్వొక్కదానివే. ఏటి సేద్దామమ్మా?" అన్నారు. మీ మామ తల వంచుకుని కూర్చున్నాడు. పోయినవాళ్ల మీదకి తోసేయడం తేలిక, కానీ దారి వెతికింది ఆయన కాదు, నేను.

ఆయన చెల్లెలు సోములమ్మకి, అంటే మీ అమ్మకి, పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేరు. ఏడో నెలలో అరకు పైన వాళ్ల ఊరు వెళ్లిపోయాను. నువ్వు వాళ్లింట్లోనే పుట్టావు. పుట్టుక రిజిస్టరులో తల్లి సోములమ్మ, తండ్రి గాసి అని రాయించాం. పదకొండు రోజులు నా పాలు తాగావు. పన్నెండో రోజు, పాలు ఇంకిపోవడానికి రొమ్ముకి మల్లెపూలు కట్టుకుని జీపెక్కాను. దారిలో జాకెట్టు తడిసిపోతే పక్కనున్నామె "ఏటమ్మా అంత సెమట?" అంది. ఉక్కగా ఉందన్నాను.

ఊళ్లో బిడ్డ దక్కలేదని, పైనే పూడ్చేశామని చెప్పాం. జనం పరామర్శకి వచ్చారు. పాస్టరు గారు చర్చిలో నన్ను నిలబెట్టి, బిడ్డను పోగొట్టుకున్న ఈ తల్లికి నెమ్మది ఇమ్మని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నువ్వు అరకు కొండ మీద ఉయ్యాల్లో బతికుండగా అన్నాను. కొన్నాళ్లకి నామినేషన్ కాగితంలో 'సంతానం: ఇద్దరు' అని నా చేత్తో నేనే రాశాను. చేయి వణకలేదు. అది తలుచుకుంటేనే నాకు భయం. ఐదేళ్ల కిందట మళ్లీ నిలబడినప్పుడూ రాశాను, అప్పుడూ వణకలేదు.

మీ అమ్మ కొండదేవతకి ఏటా నీ పేరున కోడిని కోస్తుంది. "మా తల్లే ఇచ్చినాది వదినా, ఈ గుంటని" అంటుంది. ఇచ్చింది నేను కదా అని మొదట్లో ఒళ్లు మండేది. పోనుపోను ఆమె మాటే నయమనిపించింది. నేనిచ్చానంటే, బదులుగా ఏం పుచ్చుకున్నానో కూడా చెప్పాల్సొస్తుంది. పైగూడ నీళ్లు చూపిస్తే సరిపోతుందా? ఇంకెవరు సర్పంచి అయినా ఆ నీళ్లు వచ్చేవేమో. నాకు తెలియదు.

నువ్వు సెలవులకొస్తే ఆడవాళ్లు "ఒరే రవీ, నీ పెళ్లామొచ్చింది, బేగి రా" అని ఆటపట్టించేవారు. వరసైనవాళ్లని అలా అనడం మామూలే. నేను విననట్టు లోపలికి వెళ్లిపోయేదాన్ని. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. పిల్లలు, పెద్దయ్యాక వాళ్లే మరచిపోతారనుకున్నాను. అంతకన్నా బుద్ధితక్కువ పని నా జన్మలో చెయ్యలేదు. ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. బావ అని పిలవమని నేర్పింది మేమే.

మీ మామ పోయిన రోజు నువ్వు మేనకోడలివై గోడ పక్కన నిలబడి ఏడ్చావు. చేయి పట్టుకుని ముందుకి తీసుకొచ్చి, ఈయన మీ నాన్నే, దగ్గరకొచ్చి చూసుకో అని చెప్పాలనిపించింది. చుట్టూ ఆఫీసర్లు, పార్టీవాళ్లు. చెప్పలేదు. ఇన్నింటిలోకీ అదొక్కటి నేను ఎవరికీ జవాబు చెప్పుకోలేను.

ఇప్పుడా నిబంధన ఎత్తేశారు. ఈసారి నన్ను జడ్పీటీసీకి నిలబెడతామంటున్నారు. మొన్న సన్యాసిరావు గారు "ఇంక పదిమందిని కన్నా ఎవుడూ అడగడమ్మా" అని పడీపడీ నవ్వారు. పక్కనున్న వాళ్లూ నవ్వారు. నేను మంచినీళ్ల కోసమని లేచి బయటికి వచ్చేశాను.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజు మీ అమ్మని పిలిపించి చదివి వినిపించాను. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత "సెప్పీ వదినా. గుంట నన్నొగ్గేత్తే ఒగ్గేత్తాది. అన్నాసెల్లెళ్లకి పెళ్లి సేసిన పాపం మాత్రం నాను మొయ్యనేను" అంది. నువ్వు వదిలేసినా సరే అనేటంత ధైర్యం నాకు ఇరవయ్యేళ్లలో రాలేదు.

రవిబాబుకి గురువారం చెప్పాను. నీ ఫోన్ ఎత్తనిది అందుకే, వాడి మీద కోపం పెట్టుకోకు. అన్నం తింటున్నవాడు చేయి కడుక్కుని, బండేసుకుని సాలూరు వైపు వెళ్లిపోయాడు. నిన్న తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి "సిట్టికి ఎవులు సెప్తారు?" అన్నాడు. నేను చెబుతానన్నాను. "నువ్వే సెప్పాల. నాను సెప్పనేను" అన్నాడు.

ఇది చదివాక నువ్వేం చేస్తావో నాకు తెలియదు. ఈ కాగితం ఎవరికి చూపించినా నా పదవి పోతుంది, కేసు కూడా అవుతుందేమో. చూపించొద్దని అడగను. నిలబడాలన్న ఆశ నాలో ఇంకా చావలేదు, అదీ దాచను. నీ దగ్గర్నుంచి కబురు వచ్చేదాకా సన్యాసిరావు గారికి అవుననీ కాదనీ చెప్పను.

క్షమించమని రాయబోయి ఆగాను. అడిగితే నీ మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. తిట్టాలనుంటే తిట్టు, పెద్దంతరం చూసుకోకు.

ఒక్క పని మాత్రం చెయ్యి. ఈ ఉత్తరం మడిచి ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. వాళ్ల ఇంట్లో సిగ్నల్ లేదు కదా. పోస్టు నీకు ఏ రోజు చేరుతుందో తెలియక, రేపటి నుంచి రోజూ కాఫీతోట పైన మెరక మీద ఫోన్ పట్టుకుని కూర్చుంటానంది. ఎత్తగానే అమ్మా అని పిలువు. ఆ పిలుపు ఆమెది. అందులో నేను వాటా అడగను.

ఇట్లు,
నిన్ను కన్న మీ అత్త,
సత్యకుమారి