నానాయ్ చాపిన చెయ్యి

ఫిబ్రవరి 8
మా అబ్బాయి ఎమిల్‌కి ఏడాదిన్నర నిండింది. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. వెనక గిన్నె పడేశాను, ఉలిక్కిపడి తిరిగాడు. చెవులు బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 9
అత్తగారికి, మా నానాయ్‌కి, చెప్పాను. వాళ్ళ నాన్నా నాలుగేళ్ళదాకా నోరు విప్పలేదు ఇందాయ్, అమ్మాయ్, ఇప్పుడు ఓడలో కెప్టెన్‌కే నోరు లేకుండా చేస్తున్నాడు అంది. మాటల సంగతి కాదు, వీడు మొహంలోకి చూడడు, కావలసింది వేలు పెట్టి చూపించడు అన్నాను. పేపర్లో ఊరి మీద రాసిన వార్తలు చాలక పసివాడి మీద మొదలెట్టావా అంది.

ఫిబ్రవరి 15, ఆదివారం
చర్చి అయ్యాక చుట్టాలొచ్చారు. బ్యూటిఫుల్ ఐస్ చెయ్యరా, కళ్ళు టపటపలాడించరా అని అందరూ ఒకటే గోల. వాడు ఫ్యాన్‌కేసి చూసి కళ్ళార్పాడు. చప్పట్లు కొట్టారు.

తర్వాత మానో. పెద్దలు చెయ్యి చాపుతారు, పిల్లవాడు అందుకుని నుదుటికి ఆనించుకోవాలి. ఇవాళ నేను చేతుల్నే చూశాను. వాడు అందుకునేదాకా ఒక్క చెయ్యీ ఆగలేదు. వాళ్ళే వాడి నుదుటికి తాకించి, ఎంత మర్యాదస్థుడో అన్నారు. వాడు చెయ్యనిదల్లా వీళ్ళే చేసి, వాడి ఖాతాలో వేస్తున్నారు.

ఫిబ్రవరి 17
డాక్టర్ బరువు చూశాడు. మగపిల్లలు ఆలస్యమే, మూడేళ్ళు రానివ్వమన్నాడు. ఒక్కసారైనా వాణ్ణి పేరుతో పిలవలేదు.

పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ దగ్గర మే నెలకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మా ఆయన ఓడ నుంచి ఫోన్ చేసి, అమ్మ ఒప్పుకోకుండా వద్దు, ముద్ర పడుతుంది అన్నాడు. ఆయన భయం కొడుకు గురించి కాదు, ఇంటిపేరు గురించి.

మార్చి 1
చెయ్యి చాపి కదలకుండా ఉండండి చాలు అన్నాను. నానాయ్ చాపింది. వాడొచ్చి పట్టుకున్నాడు. ఆవిడ నాకేసి గెలిచినట్టు చూసింది. వాడు ఆ చేతిని లాక్కెళ్ళి బిస్కెట్ డబ్బా మూత మీద పెట్టాడు. చూపు మూత మీదే. ఆ చెయ్యి ఎవరిదైనా వాడికొకటే అనేశాను. ఆవిడ డబ్బా నేలకేసి కొట్టింది.

మార్చి 4
ఆఫీసు నుంచి వచ్చేసరికి నానాయ్ నేల మీద కూర్చుని ఉంది. డబ్బా ఎక్కడా లేదు. చెయ్యి చాపి, ఎమిల్, ఎమిల్ అని మెల్లగా పిలుస్తోంది. వాడు బొమ్మకారు చక్రం తిప్పుకుంటున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

మే 12
మనుషుల దగ్గరకి వస్తాడా అని డాక్టరమ్మ అడిగింది నన్ను. చెప్పింది నానాయ్. చెయ్యి పట్టుకుంటాడు డాక్టరమ్మా, నన్ను కాదు అంది.

వచ్చేసేటప్పుడు డాక్టరమ్మ వాడికి చెయ్యి చాపింది. నానాయ్ వాడి తల వంచలేదు. వాడి కోసం ముగ్గురం ఆగాం.