బయట పెట్టిన గ్లాసులు

తమ్ముడు పుల్లయ్యకు ఆళ్లగడ్డ నుంచి అక్క రాసేది. నంద్యాలలో నీ దగ్గు తగ్గిందా? మరదలి మోకాళ్ళు ఎట్లున్నాయి? పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా?

నీ మేనల్లుడు కేశవులు బాప్తిస్మం తీసుకున్నాక, వాళ్ళ గుడిలో అందరూ ఒకే గిన్నెలో తాగుతారని, మన హోటల్లోనూ అన్ని కులాలకూ ఒకే గ్లాసులు పెట్టాడు. పోయిన వారం ఎవరో హోటలు పందిరి కాల్చారు. ఈసారి మనిషినే కాలుస్తామన్నారు. భయపడి నేనే మాలపల్లెవాళ్ళకని వేరే గ్లాసులు బయట పెట్టాను.

వాడు చూసి, "ఏందమ్మా ఇది? వాళ్ళు ఈడ తాగితే నేనూ ఈడనే తాగుతా" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లోకి అడుగు పెట్టడం లేదు. వాకిట్లోనే తింటాడు. నీళ్ళకు దోసిలి పడతాడు. కన్నకొడుక్కు నేను ఎత్తి పోస్తున్నాను, తమ్ముడా.

నీ మాటయితే వింటాడు. వాడిని నంద్యాలకు తీసుకుపో. ఫిబ్రవరి పదిహేడు, శుక్రవారం, పొద్దున బస్సుకే రా.