ఐదున్నర గంటల కొట్లాట

వికారాబాద్,
బుధవారం.

నా మీద మండిపడుతున్న గోవిందక్కకు,

తోడికోడలు లెక్క కాక చెల్లె లెక్క నువ్వు చూసుకున్న నీ యారాలు అంబిక రాస్తున్న. నీతోని కొట్లాడి పుట్టింటికి వచ్చిన కాడికెల్లి ఫోన్ చేస్తనే ఉన్న, నువ్వు ఎత్తవు. అందుకే నన్ను చూడనీకె వచ్చిన బావ చేతికి ఈ కాగితం ఇస్తున్న. చింపెయ్యకు అక్కా. జర ఓపిక పట్టి చివరిదాక చదువు, తర్వాత పొయ్యిల వేసినా సరే.

ముందుగాల ఒకటి చెప్త. ఇక్కడ ఒక ఆఫీసుల నాకు కంప్యూటర్ నౌకరి దొరికింది, సోమవారం చేరాలె. ఇక్కడనే రూం తీసుకుని వేరు పడ్దామని, నా కోసం ఇక్కడికి వచ్చిన నీ మరిదికి చెప్పిన. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయిండు. నీకు నా మొఖం చూపెట్టలేక అన్న మాట అది.

ఎందుకు చూపెట్టలేనో విను. రెండు నెలల కింద మన జిరాక్స్ దుకాణం కంప్యూటర్ల విండోస్ పక్కనే లైనక్స్ అని ఇంకో సిస్టం ఎక్కిచ్చిన. నీకు చెప్పలే. అడిగితే వద్దంటవని భయం. పొద్దంత నువ్వు నీ విండోస్ మీద దరఖాస్తులు కొట్టుకుంటవ్, నువ్వు ఇంటికి పోయినంక నేను కూసొని లైనక్స్ నేర్చుకుంటుంటి. ఆన్ చేస్తే విండోసే వచ్చేటట్టు పెట్టిన, నీకు తెల్వొద్దని.

ఇగ ఆ గడియారం సంగతి. నేను కూసునేసరికి ఐదున్నర గంటలు ముందుకు ఉరికి ఉంటుండె. సాయంత్రం ఏడైతే పన్నెండున్నర, తారీఖు గూడ మరునాడిది. నేను చదువుకోవద్దని అక్కనే గెలుకుతున్నదనుకున్న. పండ్లు కొరుక్కుంట చేత్తోని సరి చేస్తుంటి. పొద్దుగాల నువ్వు తెరిస్తే నీకు ఐదున్నర గంటలు ఎనకకు! పదైతే నాలుగున్నర. నీ పని ఖరాబు చెయ్యనీకె నేనే తిప్పుతున్ననని నువ్వనుకున్నవ్. నువ్వు నీ టైం దిద్దితే నాది చెడుతుండె, నేను నాది దిద్దితే నీది చెడుతుండె.

ఆ దినం నీతోని దరఖాస్తు కొట్టిచ్చుకున్న భీమమ్మ కాగితం మీద తెల్లారగట్ల నాలుగున్నర టైం పడ్డది. గప్పుడు దుకాణం ఎవలు తెరిచిన్రు, ఇది దొంగ కాగితం అని ఆఫీసుల ఎల్లగొట్టిన్రు. ఆమె వచ్చి నీ మీద పడ్డది, నువ్వు నా మీద పడ్డవ్. అందరి ముందల "నా పొట్ట కొట్టనీకె దాపురించినవ్" అన్నవ్. నేనేమన్న తక్కువ తిన్ననా? "చదువు రానోళ్లకు చదువుకునేటోళ్లను చూస్తే కండ్లమంట" అన్న. ఆ మాట అన్నందుకు నా నోరన్న పడిపోలే అక్కా. దినాం ఏడుస్తున్న.

మొన్న కొత్త ఆఫీసుల వెంకటేశం సార్‌ను అడిగితే నవ్విండు. కంప్యూటర్ డబ్బా లోపల చిన్న బ్యాటరీ మీద నడిచే గడియారం ఒకటుంటదట. విండోస్ దాన్ని మన దేశం టైమే అనుకుంటదట. లైనక్స్ అది లండన్ దిక్కు టైం అనుకుని, మనకోసం ఐదున్నర గంటలు కలిపి చూపెడ్తదట. గంతే అక్కా! నువ్వు గెలుకలే, నేను గెలుకలే. కానీ దాచింది మాత్రం నేనే.

లోపలి గడియారాన్ని మన టైమే అనుకొమ్మని లైనక్స్‌కు చెప్పాలె. దానికి ఒక్క లైన్ చాలు, చీటీ మీద రాసి ఈ కాగితంలనే పెట్టిన. సరైన టైం అది నెట్‌ల చూసుకుంటది, నీ ఫోన్ నెట్ కలిపి ఉంచు. ఆన్ చేసినప్పుడు నల్ల తెర మీద లైనక్స్ పేరు కాడికి బాణం జరిపి ఎంటర్ కొట్టు. తర్వాత చీటీల చెప్పిన కాడ ఆ లైన్ కొట్టు. పాస్‌వర్డ్ అడుగుతది. అది నీ పేరే, అన్ని చిన్నక్షరాలు. నీకిష్టం లేకుంటే చెప్పు, లైనక్స్ మొత్తం తీసేపిస్త.

తప్పు చేసి దూరంగ కూసున్న,
నీ అంబిక


తాండూర్,
శనివారం.

మా ఇంటి మొండిదానికి, అంబికి,

కాగితం ఇచ్చి మీ బావ నా మొఖమే చూసుకుంట నిలవడ్డడు, ఏడుస్తనా తిడ్తనా అని. రెండూ చేసిన.

నిన్న షట్టర్ సగం దించి కూసున్న. ఆ లైన్ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంట కొట్టిన. పాస్‌వర్డ్ అడిగింది. నా పేరు కొడితే ఒక్క అక్షరం పడదు! కీబోర్డ్ సచ్చిందనుకుని దాన్ని తిరగేసి దులిపిన, మళ్ల కొట్టిన, నిన్ను నాలుగు తిట్టిన. కొడితే కనవడదని చీటీ ఎనక దిక్కు రాసినవ్ గదనే, తిప్పి చూస్తే గద తెలిసేది! నా పేరు పెట్టుకుని నా మీదనే అలిగి పోయినవ్, ఏం పిల్లవే నువ్వు. ఆఖరికి అయింది. బంద్ చేసి అటు తెరిచిన, ఇటు తెరిచిన. అటు పదకొండుంబావు, ఇటు పదకొండుంబావు మీద రెండు నిమిషాలు. రెండూ సక్కగున్నయి.

ఇగ నేను దాచింది విను. లైనక్స్ సంగతి నాకు మొదట్నే తెలుసు. నువ్వు ఎక్కిచ్చిన మూడో దినమే, ఆన్ చేస్తుంటే నల్ల తెర మీద రెండు పేర్లు కనవడ్డయి. నాకు చెప్పకుండ నేర్చుకుంటున్నదంటే ఇది మమ్మల్ని ఇడిసి పోయేటట్టే ఉన్నదనుకున్న. అడిగితే అవునంటవని అడగలే. కోపం తీర్చుకోనీకె గడియారం దొరికింది. భీమమ్మ ముందల నేను తిట్టింది టైం తప్పైనందుకు కాదు, నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోతున్నవని.

కండ్లమంట అన్నవ్. మంట ఉన్నది, లేదనను. కానీ నీ చదువు మీద కాదు. మీ బావ గొర్ల ఎనక పోతే పొద్దుమూకినంకనే వస్తడు. అత్తకు చెవులు వినరావు. నువ్వు లేని ఈ పది దినాలు అన్నం పెట్టుకుని ఒక్కదాన్నే కూసున్న. ముద్ద దిగుతలేదు.

నౌకరి ఇడ్వకు. ఇడిస్తే కాళ్లు ఇరగ్గొడ్త. ఆ రూం మాత్రం వద్దు. ఇక్కడ రైలెక్కితే గంట లోపల వికారాబాద్ దిగుతవ్, రోజు పోయి వచ్చేటోళ్లు ఎంతమంది లేరు? దుకాణం నేను చూసుకుంట. లైనక్స్ ఉండనీయి, సాయంత్రం నాకు గూడ నేర్పు. వేరు పడేదే ఉంటే ఇంటికొచ్చి నా ముందల నిలవడి చెప్పు. నువ్వు చెప్పలేవు, నేను వినలేను.

ఈ కాగితం మీ బావ చేతికే ఇస్తున్న, రేపు పొద్దుమూకేవరకు ఇంట్ల ఉండాలె. సోమవారం నీ సద్ది నేనే కడ్త. నువ్వు రాకుంటే ఆ సద్ది పట్టుకుని రైలెక్కి వస్త, నీ కొత్త ఆఫీసు గుమ్మంల కూసుంట. మా యారాలు తిననిది నేను లేవనని మీ సార్‌కు చెప్త, ఏం చేస్తవో చూస్త.

నీ గోవిందక్క