కొరివికారం

పారమట్టా,
ఏప్రిల్, 2000.

చిరంజీవి సౌభాగ్యవతి సుగుణకు మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అనే మాట ఈసారి నా చేత రాయించకు. తింటున్నాం, ఉంటున్నాం. మీ వదిన వైశాలి మళ్లీ ఆఫీసుకు వెళ్తోంది, పాప మధ్యాహ్నం దాకా చైల్డ్‌కేర్‌కి వెళ్తోంది. అక్కడ మీరంతా బాగుంటే నాకంతే చాలు.

నీ ఉత్తరం అందింది. పెదనాన్న అడగమన్నది చివర్లో రాస్తాను, ముందు నా చేతుల సంగతి. కాలాయని వైశాలి నీకు ఫోనులో చెప్పిందట. కాలలేదు, మండాయి. మీ అన్నయ్య పెరట్లో నాటిన మిరపమొక్క చేసిన పని అది.

పోయిన దసరా రోజుల్లో మురళి దాన్ని సంతలో కొనుక్కొచ్చాడు. "హబనేరో అంటారమ్మా. ఎప్పుడూ గుంటూరు గుంటూరు అంటావుగా, ఇది తింటే నీ గుంటూరు పొగరు దిగుద్ది" అన్నాడు. "కాయనీరా. కొరివికారం పచ్చడి నూరి నీ కంచంలోనే వేస్తా. ఎవరి కళ్లమ్మట నీళ్లొస్తాయో చూద్దాం" అన్నాను. అదీ మా పందెం.

కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఏడాదంతా ఆఫీసులో కాపలా కాశాడు. ఒక్కటీ ఆగలేదు. ఫిబ్రవరిలో వాడి గుండె ఆగింది. వాడు పోయాక మొక్క కాసిందమ్మా. విరగకాసింది. ముడతలు పడ్డ బుల్లి కాప్సికం లాంటి ఎర్రటి కాయలు. చూస్తే వాటిలో కారం ఉంటుందని ఎవరూ అనుకోరు.

"పాప ఒకటి కోసి కళ్లు నలుపుకుంటే ఏం గతి అత్తయ్యా, పీకించేద్దాం" అంది వైశాలి. "ముందు నన్ను పీకు" అన్నాను. ఆ రోజే కాయలన్నీ కోసుకుని, ఉత్త చేతులతో చీల్చడానికి కూర్చున్నాను. మిరపకల్లాల్లో ఆడుకుంటూ పెరిగినదాన్ని, నాకు తొడుగులేమిటి అనుకున్నాను. కాసేపటికి వేళ్లు నిప్పుల్లో పెట్టినట్లయ్యాయి. కుళాయి కింద పెడితే మంట మోచేతిదాకా పాకింది. నా కేకలకి పక్కింటి హైదరాబాదు ఆవిడ, అన్వరీ బేగం, పరిగెత్తుకొచ్చింది.

"నీళ్లు పొయ్యకండి ఆపా, ఇంకా మండుతది! నూనె రాయండి, నూనె!" అంటూ తనే సీసా వంపింది. రుద్ది, సబ్బుతో కడిగించి, చేతులు రెండూ చల్లటి పెరుగు గిన్నెలో పెట్టించింది. అంత మంటలోనూ ఎగతాళి మానలేదు. "గుంటూరోళ్లకు గూడ మంట పుడ్తదా? మీరు పాలకు బదులు కారం తాగి పెరిగిన్రనుకున్న!"

మురళి పోయాక ఆ రోజే నవ్వాను.

పచ్చడి మాత్రం ఆపలేదు. ఇలాంటి కాయ ఎప్పుడైనా నీ చేతికొస్తే నాలాగా చెయ్యకు. రబ్బరు తొడుగులు వేసుకో. కిటికీలన్నీ తెరువు, పిల్లల్ని బయటికి పంపు. కడుపులో తెల్లటి ఈనె ఉంటుంది, అసలు కారమంతా అందులోనే, అది తీసెయ్యి. ఇవి గుప్పెడు, మామూలు పండుమిరపకాయలు చాటెడు, సరిపడా చింతపండు, ఉప్పు. మిక్సీ మూత వెంటనే తియ్యకు, ఆ ఘాటు ఊపిరి ఆడనివ్వదు. కాసేపాగి, ముఖం పక్కకి తిప్పుకుని తియ్యి. తొడుగులు విప్పినా సరే, నూనె రాసి సబ్బుతో కడుక్కునేదాకా కళ్ల జోలికి చెయ్యి పోనివ్వకు.

ఏడాది మైలలో పచ్చడి పెట్టడమేమిటని మీ శేషాచలం పెదనాన్న కోప్పడ్డారని రాశావు. కాయ ఏడాది ఆగుతుందా? నా బిడ్డ నాటింది కుళ్లి రాలుతుంటే చూస్తూ కూర్చోమంటారా? ఇంటికి వచ్చెయ్యమని కూడా అన్నారట. రాను. వైశాలి పొద్దున లేచి జడ వేసుకుని ఆఫీసుకు వెళ్లగలుగుతోందంటే పాప నా ఒళ్లో ఉందన్న ధైర్యమే. నేను లేస్తే ఈ ఇల్లు కూలుతుంది.

ఇక చివరిది. కొరివి పెట్టిన మనిషే మాసికాలూ, ఏడాదీ పెట్టాలి కాబట్టి మురళి స్నేహితుడు ఉమామహేశ్వరరావు అడ్రసు పంపమన్నారు పెదనాన్న. నీకు తెలియదు సుగుణా, మురళి పోయిన దగ్గర్నుంచి కొరివి అనే మాట నా నోట రాలేదు. నాకు పెట్టాల్సినవాడు. పచ్చడిని కూడా వైశాలితో ఎర్రపచ్చడి అనే అన్నాను.

అడ్రసు పంపను. మురళి స్నేహితుడు పెట్టాడని మీకు రాసింది అబద్ధం.

ఇక్కడ శ్మశానంలో కట్టెలుండవు. గోడకి ఒక బొత్తాం ఉంటుంది, నొక్కితే పెట్టె మంటల్లోకి పోతుంది. ఆడవాళ్లు బయట నిలబడాలని పెదనాన్న ఫోనులో చెప్పారు కదా. ఉమామహేశ్వరరావు తలస్నానం చేసి వచ్చాడు పాపం, మంచి పిల్లవాడు, బొత్తాం దగ్గర నిలబడ్డాడు. "నువ్వు జరుగు నాయనా" అన్నాను.

"ఆంటీ, పెద్దవాళ్లు ఒప్పుకోరు..."

"వాణ్ణి కన్నది వాళ్లా, నేనా?"

జరిగాడు. వైశాలి చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. ఇద్దరం కలిసి నొక్కాం.

తప్పు చేశానని రాయడం లేదు. మళ్లీ ఆ గోడ ముందు నిలబెట్టినా అదే చేస్తాను. దాచడమే చేతకావడం లేదు. ఈ ఉత్తరం పెదనాన్నకి చదివి వినిపించు, ఒక్క ముక్క వదలకు. మాసికాలు ఇక్కడ నేనే పెడుతున్నాను. ఏడాదీ నేనే పెడతాను. ఆకులో వాడి మొక్క పచ్చడే వేస్తాను.

నిన్న సీసా తెరిచాను. వేడన్నంలో నెయ్యి వేసుకుని ఒక ముద్ద తిన్నాను. పందెం వాడే గెలిచాడు. చెవుల్లోంచి పొగ వచ్చింది, కళ్లూ ముక్కూ ధారకట్టాయి. పాప నా ముఖం చూసి, "నాటీ చిల్లీ! వాట్ ఈజ్ ఇట్, నాయనమ్మా?" అంది.

వైశాలి నా వంక చూసింది.

"కొరివికారం తల్లీ. మీ నాన్నది" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కింట్లో అన్వరీకి కూడా వినిపించి ఉంటుంది.

అని, రెండో ముద్ద కలుపుకున్నాను.

ఇట్లు,
మురళికీ నీకూ అమ్మ