గట్టు తవ్వాకే విత్తనం

జూన్ 6
పెద్దాయన ఫోను. "వ్యవసాయ మంత్రి సొంత ఊళ్ళోనే పంట విరామమంటే జనం నవ్వరటయ్యా? నువ్వే వెళ్ళి నారుమడిలో విత్తనం జల్లు. కెమెరాలు పంపిస్తాను. నిన్ను చూసి ఊరంతా దిగుతుంది." ముఖ్యమంత్రి మాట... సరేనండి అన్నాను.

జూన్ 7
ఊళ్ళో దిగాను. గుమ్మంలోనే అన్నయ్య. "మంత్రిగా వచ్చేవా, తమ్ముడిగా వచ్చేవా?" కాఫీకి వచ్చానన్నాను. నవ్వలేదు.

ఊరి పట్టుదలలో తప్పు లేదు. మురుగునీరు పోయే డ్రైనుకి అడ్డంగా రొయ్యల చెరువు గట్టు వేశారు. వాన పడితే నీళ్ళు కదలవు, కోతకొచ్చిన సార్వా వరి, ఆ తొలిపంట, చేలోనే మొలకెత్తిపోతుంది. అందుకే ఈ కట్టుబాటు — గట్టు తవ్వేదాకా ఎవరూ నారు పొయ్యకూడదు, ఒకరి చేలోంచి ఇంకొకరికి నీళ్ళు వదలకూడదు. ఆ చెరువు మా పార్టీ వాడిదే. ఎన్నికల్లో నా జీపులో నిలబడి చేతులూపినవాడు. ఎన్నిసార్లు చెప్పినా పెద్దాయనది ఒకటే మాట, "చూద్దాంలే..."

జూన్ 8
ఒళ్ళు మండిపోయింది. ఊరు ఒప్పుకోకముందే మా శాఖవాళ్ళు విత్తనాలు నానబెట్టి, మొలకెత్తడానికి మండె కట్టేశారు. పాకలో గోనెసంచి విప్పితే తెల్లటి మొలకలు. "రేపు కార్యక్రమం కదండీ, రెడీగా ఉంటాయని..." రేపు జల్లకపోతే పాడైపోతాయి. ఏ తొందరొచ్చిందో వీళ్ళకి!

సాయంత్రం — నా మడికి నీళ్ళు అన్నయ్య చేలోంచే రావాలి. అడగడానికి నోరు రాలేదు. ఆయనే అన్నాడు. "గండి కొడతాన్రా. ఊరు నాతో మాట్టాడదు, మానెయ్యనీ. నీ మడి ఎండబెట్టి నేను చూళ్ళేను." అన్నం సయించలేదు.

జూన్ 9
పంచె ఎగ్గట్టి మడిలో దిగాను. ఎదురుగా కెమెరాలు. అన్నయ్య అప్పటికే గండి కొట్టేశాడు. పార పట్టుకుని చేను గట్టు మీద ఒక్కడే నిలబడ్డాడు. అవతల రోడ్డు మీద ఊరంతా. అన్నయ్యతో రోజూ చేలోకి వెళ్ళే సత్యంగారు ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నారు. అన్నయ్య తల దించుకున్నాడు. ఆ మనిషి తల దించడం నేనెప్పుడూ చూడలేదు.

పిడికిట్లో విత్తనం... తిరిగి బుట్టలో వేసేశాను. "ముందు డ్రైను మీద గట్టు తవ్వాలి. తర్వాతే జల్లుతాను." మైకులు నోటి దగ్గరే ఉన్నాయి. రోడ్డు మీంచి చప్పట్లు. భయం వేసింది, చెప్పొద్దూ. ప్రాణం తేలిగ్గానూ ఉంది.

మధ్యాహ్నం పెద్దాయన ఫోను. తిట్టలేదు. "రేపు వచ్చి కలవండి." అంతే.

జూన్ 10
కారెక్కుతుంటే సత్యంగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయ్, మీరున్నారండి మాకు. ఈ యేడు సార్వా చేసేస్తామండి." అన్నయ్య భుజం కూడా తట్టి వెళ్ళారు. అన్నయ్య ఆయన దూరమయ్యేదాకా ఆగి, అద్దం దగ్గరికి వంగాడు.

"పదవి పోద్దంటావా?"

"పోయేలాగే ఉందన్నయ్యా."

"మరి గట్టెవడు తవ్విస్తాడ్రా?"

రావులపాలెం దాటాం. ఇంకా ఏమీ తోచడం లేదు...