వానను సాగనంపే చరణం

జూన్ 9

నా భార్య రామక్క పోయి నలభై మూడు రోజులు. ఆమె యూట్యూబ్ ఛానెల్ సబ్‌స్క్రైబర్లు నాలుగు లక్షలు దాటారు. బతికున్నప్పుడు మూడు లక్షల దగ్గరే ఆగిపోయింది. నా థంబ్‌నెయిల్స్ బాగాలేవనేది.

కలుపు తీస్తూ నేర్చిన పాటలతో కంబదూరు నుంచి బెంగళూరు స్టేజీల దాకా పోయిన మనిషి. పాడేది ఆమె. అప్‌లోడ్ చేసేది నేను. నన్ను వంత కూడా పాడనివ్వలేదు.

జూన్ 21

చుక్క వాన లేదు. పదకొండేళ్లు ఆమెకు డప్పు కొట్టిన రాఘవేంద్ర వచ్చాడు. ఆదివారం కప్పతల్లిని మోస్తారట. రామక్క వాన పాట యూట్యూబ్ నుంచి మైకులో వేస్తారట. పోయిన మనిషినీ పనిలో పెడతారా అన్నాను. స్టేజీ ఖాళీగా ఉంటే యక్క ఊరుకుంటాదా సార్ అన్నాడు.

నిజమే.

జూన్ 23

కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఊరేగించారు. ఆటో మైకులో రామక్క గొంతు. సరిగ్గా బిందెలతో నీళ్లు పోసే వేళకు బనియన్ల ప్రకటన వచ్చింది. కప్పతో సహా అందరం నిలబడి పూర్తిగా విన్నాం. ప్రకటనలు ఆన్ చేసింది నేనే.

పాట మళ్లీ మొదలైంది. నేను ఇంటికి వచ్చేశాను.

జూన్ 24

వాన లేదు.

జూలై 2

రెండు పదునుల వాన, విత్తనానికి చాలు.

సాయంత్రం వదిన తిరుపాలమ్మ వచ్చింది. వాన పడ్డ మూడో రోజులోపు, విత్తే చేనులో, దాన్ని సాగనంపే చరణం పాడాలి. పాడకపోతే అలిగి మళ్లీ రాదు. వాన పడకముందు పాడితే వచ్చేది కూడా వెనక్కు పోతుంది. అందుకే రామక్క ఆ చరణం రికార్డు చేయనివ్వలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె పాడితే మిగతావాళ్లు వంత పలికారు. చరణం ఎవరికీ రాదు.

ముప్పై ఏండ్లు ఒకే కొంపలో ఉండి చెవులు యాడ పెట్టుకొంటివప్పా, నీకు రాదా అంది.

వచ్చు. వాన పడ్డాక రామక్క పొయ్యి దగ్గర గొణిగేది.

జూలై 3, ఉదయం 7

నాలుగు పాదాలు కాగితం మీద రాశాను. రాగం రాయడం నాకు రాదు. రాఘవేంద్రకు ఫోన్‌లో పాడి వినిపించాను. సార్, ఆడ ఎవరికైనా బాగలేదా అన్నాడు.

రేపే ఆఖరి రోజు. నేను పాడకపోతే ఆ చరణం నాతోనే పోతుంది.

జూలై 4

ఆదెప్ప చేనులో పాడాను. నలభై మంది ఆడవాళ్లు. మొదటి పాదానికే ఆదెప్ప ట్రాక్టరు ఆపి, ఇంజను శబ్దం మారిందేమోనని దిగి చూశాడు.

తిరుపాలమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. ఈ గొంతుకు వాన సాగిపోదప్పా, పారిపోతాది అంది. అందరూ కూర్చుని నవ్వారు. నేను ఆపలేదు. రెండోసారి వంత అందుకున్నారు. మూడోసారి నా తప్పులు దిద్దారు. ఐదోసారికి, ఇంగ చాలు, నువ్వు మూసుకో, మాకొచ్చింది అంది.

మూసుకున్నాను.

జూలై 19

నిన్న మళ్లీ వాన. ఈరోజు నన్ను పిలవకుండానే సాగనంపారు. రోడ్డు మీద నిలబడి విన్నాను. మూడో పాదం మధ్యలో నలభై మందీ ఒక్కసారిగా ఆగి ఊపిరి పీల్చారు.

అక్కడ ఆగనక్కర్లేదు. ఆఖరి రెండేళ్లు రామక్కకు ఆయాసం. నేను అలాగే నేర్పాను.