కాస్త లేటుగా వినిపించిన గొంతు

అమ్మకి,

నీ పెద్ద కూతురు రాస్తోంది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నువ్వూ అక్కడ వేళకి తింటున్నావనే అనుకుంటున్నాం. నాన్న దగ్గు తగ్గింది. చెల్లికి ముందు పన్ను ఊడింది, అద్దం వదలట్లేదు. నువ్వు చూసుకునే పెద్దావిడ ఇప్పుడైనా నిన్ను రాత్రిళ్ళు పడుకోనిస్తోందా?

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తా. పొయ్యి బాగు చేయించాం. లెక్కల్లో మార్కులు పర్లేదు. ఇక మూడోది, నా స్కూల్ స్పీచ్ వదినతో రికార్డు చేయించారా అని రాశావు. చేయించారు. కానీ ఆగు, మొత్తం చదువు.

మా ఇంగ్లిష్ టీచర్ అందర్నీ ఐదేసి నిమిషాలు మాట్లాడి, రికార్డు చేసి పంపమన్నారు కదా. హాల్లో అందరి ముందూ అది వినిపించి, తర్వాత స్టేజీ ఎక్కించి రెండు ప్రశ్నలు అడుగుతారు. నాకు నత్తి కాబట్టి అత్త కూతురు, అదే మన వదిన, నా పేరుతో మాట్లాడేయాలనీ, ప్రశ్నల రోజున నాకు జ్వరం రావాలనీ నాన్న తేల్చేశారు. నువ్వూ సరే అన్నావు. జ్వరానికి ముహూర్తం పెట్టిన ఇల్లు మనదొక్కటే అయ్యుంటుంది.

వదిన ముందు గదిలో గోడలకి దుప్పట్లు కట్టుకుని షాపుల ప్రకటనలకి గొంతిస్తుంది, నీకు తెలిసిందే. మైకుకీ లాప్‌టాప్‌కీ మధ్య ఒక చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దాని సెట్టింగులన్నీ నేనే చూస్తా. మౌస్ పట్టుకోవాలంటే వదినకి దడ. నోరు తనది, బుర్ర నాది, ఇద్దరం కలిస్తే ఒక మనిషి అంటుంది. నవ్వుతూనే అంటుందిలే.

నా స్పీచ్ రికార్డు చేద్దామనుకున్న రోజే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి, నేను పెట్టుకున్నవన్నీ ఎగిరిపోయాయి. ఇన్‌పుట్ దగ్గర డబ్బా పేరు పోయి లాప్‌టాప్ సొంత మైకు వచ్చి కూర్చుంది. అది మార్చా. బఫర్ సైజు చూడ్డం మర్చిపోయా. బఫర్ అంటే, మైకులోంచి వచ్చిన గొంతుని కంప్యూటర్ కాసేపు దోసిట్లో పట్టుకుని అప్పుడు వదుల్తుందన్నమాట. దోసిలి చిన్నదైతే నీ గొంతు నీకు వెంటనే వినిపిస్తుంది, పెద్దదైతే లేటుగా. నేనెప్పుడూ చిన్నదే పెడతా. అప్‌డేట్ దాన్ని పదహారు రెట్లు చేసి పెట్టింది.

వదిన స్నానం చేస్తోంది. మైకు పనిచేస్తోందో లేదో చూద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్పీచ్‌లో మొదటి వాక్యం చదివా. వానపాముల గురించి. నా గొంతు నాకే కాస్త లేటుగా, పక్కన ఇంకెవరో నాతో కలిసి చదువుతున్నట్టు వినిపించింది. అమ్మా, మాట ఆగలేదు. ఎప్పుడూ ఇరుక్కునే 'బ' దగ్గర కూడా ఆగలేదు. పేజీ అయిపోయింది. భయమేసి హెడ్‌ఫోన్స్ పీకేశా. పీకేసి అదే వాక్యం చదివితే మొదటి మాటలోనే ఇరుక్కున్నా. మళ్ళీ పెట్టుకున్నా. మళ్ళీ నీళ్ళలా వచ్చింది.

ఈలోగా వదిన తల తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలోంచి హెడ్‌ఫోన్స్ లాక్కుని మైకు ముందు నిలబడింది. గుక్క తిప్పుకోకుండా ప్రకటనలు చదివే మనిషి, రెండో మాటకే నాలుక మడతపడి ఎక్కడికక్కడ తడబడింది.

"ఏం చేశావే దీన్ని? నీ నత్తి నాకు అంటించావా?"

నాకు నవ్వాగలేదు. నన్ను నడిపించే ఆ ఆలస్యమే తనని పడేస్తోంది. బఫర్ తగ్గించి ఇచ్చాక వదిన అద్భుతంగా చదివింది, అబద్ధమెందుకు. నాన్న కళ్ళు మూసుకుని విని, "ఇదీ మాటంటే" అన్నారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నా.

ఇప్పుడు అసలు సంగతి. ఫైలు పంపే పని నాకే అప్పగించారు. వదినది పంపలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బఫర్ మళ్ళీ పెంచి, నా గొంతుతో రికార్డు చేసి అది పంపా. నాన్నకి తెలీదు, వదినకీ తెలీదు. రేపు హాల్లో వినిపిస్తారు. నాకు జ్వరం రాదు. ఈ ఉత్తరం నేనే పోస్టులో వేస్తున్నా, నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. నువ్వు ఆపకూడదనే ఇవాళ రాస్తున్నా.

ప్రశ్నలప్పుడు డబ్బా, లాప్‌టాప్ తెచ్చుకోవచ్చా అని టీచర్ని అడిగా. అలాగైతే మిగతావాళ్ళకి అన్యాయం కదా అన్నారు. తిరిగి ఒక మాట అడగడానికి నాకు చాలాసేపు పట్టింది, అయినా పూర్తి చేశా.

"మీరు కళ్ళజోడు తీసేసి మా పేపర్లు దిద్దుతారా మేడమ్?"

ఆవిడ కోప్పడతారనుకున్నా. హెడ్‌మాస్టర్ని కనుక్కుని చెప్తానన్నారు. ఇంకా చెప్పలేదు.

ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఉత్త నోటితోనే ఎక్కుతా. ఎంతసేపు పడితే అంతసేపూ వాళ్ళు కూర్చోవాల్సిందే. భయం లేదని నీకు కోతలు కొయ్యను. భయపడేవాళ్ళు మాట్లాడకూడదని రూలేం లేదుగా. నలుగురూ నవ్వుతారనే నువ్వు ఒప్పుకున్నావని తెలుసు. నవ్వనీ. వదిన గొంతుకి నేను చప్పట్లు కొట్టించుకోవడం కంటే, నా గొంతుకి నన్ను చూసి నవ్వడమే నయం. అలిగితే అలుగు, నేను మాత్రం సారీ చెప్పను.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాన్నతో మాట్లాడి పెట్టేయకు, నాకివ్వమని చెప్పు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోను. మధ్యలో చప్పుడు లేకపోతే లైన్ పోయిందనుకుని హలో హలో అనకు. నేనేం అనబోతున్నానో నీకు అర్థమైపోయినా సరే, ఆ మాట నువ్వు అందించకు. నేను అనేదాకా ఉండు.

ఇట్లు,
నువ్వన్న మాట వినని
నీ పెద్దది